చెరువుగట్టు తుపాకి

సికింద్రాబాదునకు ఈశాన్యదిశలో ఏ.ఎస్. రావు నగర్ అను వాడ ఉన్నది. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థకు ఆద్యుడైన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలసిన వాడ అది. దానికి అనతిదూరంలోనే కాప్రా చెరువు ఉన్నది. నేడు ఆ చెరువు చుట్టూ ఇండ్లు లేచినవి; నీటిమీద గుర్రపుడెక్క పరచుకొన్నది. అయినను అది దక్కను పీఠభూమి నిండా మన పూర్వులు త్రవ్వించిన వేలాది చెరువుల కోవకు చెందినదే. వానకాలంలో నిండి, వరికోతలనాటికి అంచులు బయటపడి, శీతకాలంలో ఉత్తరాది నుండి దిగివచ్చే బాతులకు, ఉల్లంకి పిట్టలకు విడిదియిల్లుగా ఉండుట ఇటువంటి చెరువుల స్వభావము.

1806లో సికింద్రాబాదు లష్కరు ఏర్పడినది. నాటినుండి అచటి ఆంగ్ల సైనికాధికారులకు ఈ చెరువులు వేటస్థలములైనవి. హైదరాబాదు ప్రభువులకు, ఉమరావులకు, జాగీరుదారులకు అవి అంతకుముందే వేటస్థలములు. నీటిపక్షిని కొట్టుటకు ఏ తుపాకి తగినది అను ప్రశ్న ఆనాడు చెరువుగట్టు మీద కాలుపెట్టిన ప్రతి వేటగానికీ ఎదురయ్యేది. పైకి అది వేడుకకు సంబంధించిన చిన్న ప్రశ్నవలె తోచును. తరచి చూచిన కొలది అందులో లోహవిద్య ఉన్నది, పరిపాలన ఉన్నది, పక్షిశాస్త్రమున్నది, పల్లెజనుల కష్టమున్నది. ఆ చరిత్రను శ్రోతలకు క్రమముగా మనవిచేయుట ఈ ప్రసంగోద్దేశము.

మొదట తుపాకిని గూర్చి రెండు మాటలు. పులిని, జింకను కొట్టే రైఫిలు ఒకే గుండును తిన్నగా పంపును. ఎగిరే పక్షికి అది పనికిరాదు. వేగముగా ఎగిరే బాతు గంటకు 40 మైళ్ళు పోగలదు. అనగా క్షణానికి సుమారు 60 అడుగులు. 40 గజముల దూరమునకు గుళ్ళు చేరుటకు క్షణములో ఏడవవంతు కాలము పట్టును. ఆ లోపల బాతు ఎనిమిది అడుగులు ముందుకు జరిగిపోవును. కనుక వేటగాడు పక్షిని గాక, పక్షి చేరబోయే శూన్యప్రదేశాన్ని గురిచూడవలెను. ఆ అంచనాలో పొరపాటు తప్పదు గనుక ఒక్క గుండుకు మారు వందల కొలది సన్నని సీసపు గుళ్ళను ఒక్కసారి చల్లే నున్నని గొట్టపు తుపాకి పుట్టినది. దీనికే షాట్‌గన్ అని పేరు. మన పల్లెలలో చర్రాల తుపాకి అన్నను ఇదే.

దీని గొట్టపు వెడల్పును అంగుళములలో చెప్పరు, బోరులో చెప్పుదురు. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా చేసినచో, అందు ఒక్క గుండు సరిగా పట్టే గొట్టము పన్నెండు బోరు. పదహారు గుండ్లుగా చేసిన పదహారు బోరు. కనుక అంకె పెరిగిన కొలది గొట్టము సన్నబడును. పన్నెండు బోరు గొట్టపు వెడల్పు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఎనిమిది బోరు, నాలుగు బోరు తుపాకులు కూడ ఉండేవి గాని అవి మోయుటకు భారము. పడవలో కూర్చుండి పెద్దబాతులను దూరమునుండి కొట్టేవారికి తప్ప తక్కినవారికి అక్కరకు రాలేదు. దుక్కిలోను, గట్టుమీదను, మోకాలిలోతు బురదలోను తిరిగే మనదేశపు వేటకు పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకియే అనువైనదిగా నిలిచినది.

ఈ తుపాకి ఈ రూపమునకు వచ్చుటలో నీటిపక్షుల పాత్రయే విశేషమైనది. చెకుముకిరాయి తుపాకి కాలములో మీట నొక్కగానే బయట పళ్ళెములోని మందు భగ్గున మండేది. ఆ తరువాత గాని గొట్టములోని మందు అంటుకొనేది కాదు. ఆ మెరుపు చూచి బాతు నీటిలో మునిగిపోయేది. స్కాట్లండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అను మతబోధకుడు నీటిపక్షుల వేటయందు ఆసక్తి గలవాడు. ఈ చిక్కును తప్పించుటకై ఆయన దెబ్బతగిలిన తక్షణమే ప్రేలే రసాయనమును తుపాకికి అమర్చి, 1807లో దానికి పేటెంటు పొందినాడు. తరువాత యుద్ధములలో సైనికుల చేతి తుపాకులన్నియు ఆ సూత్రమునే అనుసరించినవి. ఒక బాతు మునకనుండి ప్రపంచసైన్యముల ఆయుధములు మారిన వైనము ఇది.

అటుపై ఫ్రాన్సులో లెఫషో 1830ల దశాబ్దిలో గొట్టమును మధ్యలో విరిచి వెనుకనుండి తూటా పెట్టే పద్ధతిని రూపొందించినాడు. 1851లో లండను మహాప్రదర్శనమునందు అట్టి తుపాకులను చూచిన ఆంగ్ల పనివారు దానిని త్వరలోనే అందుకొన్నారు. అంతవరకు మూతినుండి మందు పోసి, పీచు కూరి, గుళ్ళు పోసి, గజముతో దట్టించవలసి ఉండేది. మన బర్మారు తుపాకి అదియే. తడిసిన గట్టుమీద, చల్లని తెల్లవారుజామున అంత పని చేసేసరికి బాతులగుంపు దిగంతమును దాటేది. తూటా రాకతో ఒక వేటగాడు నిమిషమునకు ఒక దెబ్బకు బదులు పది దెబ్బలు వేయగలిగినాడు. పక్షుల పాలిట ఇది ఎంతటి మార్పో వేరుగ చెప్పనక్కరలేదు.

మరియొక మార్పు చోక్ అనబడే మూతిబిగువు. గొట్టపు చివర అంగుళములో కొద్ది వేలవవంతుల మేర ఇరుకు చేసినచో గుళ్ళు చెదరిపోక గుమిగూడి పోవును. అమెరికాలో 1860ల దశాబ్దిలోనే ఈ ప్రయత్నములు జరిగినవి. ఇంగ్లండులో బర్మింగుహాము పనివాడు డబ్ల్యు.డబ్ల్యు. గ్రీనరు 1874లో దానిని స్థిరపరచినాడు. లెక్క ఇట్లు చెప్పుదురు: 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో బిగువులేని గొట్టము తన గుళ్ళలో నూటికి 40 పాళ్ళు పడవేయును, పూర్తి బిగువు గల గొట్టము 70 పాళ్ళు పడవేయును. అందుచేతనే జంటగొట్టాల తుపాకిలో కుడిగొట్టమును వదులుగాను, ఎడమగొట్టమును బిగువుగాను చేయుట ఆచారమైనది. దగ్గరలో లేచిన పక్షికి మొదటిది. అది దూరమైన తరువాత రెండవది.

ఇక గుళ్ళ ఎన్నిక. ఒక ఔన్సు అనగా మన రెండున్నర తులములకు కొంచెము తక్కువ. ఆంగ్లేయుల లెక్కలో ఒక ఔన్సుకు ఎనిమిదవ నంబరు గుళ్ళు 450, ఆరవ నంబరు 270, నాలుగవ నంబరు 170 తూగును. వరిమళ్ళలో జిగ్‌జాగుగా లేచే ఉల్లంకి పిట్టకు ఎనిమిదవ నంబరు చాలును. అది చిన్నది, తగిలితే చాలు పడును. పరజ వంటి బాతులకు ఈకలు దట్టము, రొమ్ము బలము. వాటికి ఆరు లేక నాలుగవ నంబరు కావలెను. హిమాలయములు దాటి వచ్చే చారలతల పెద్దబాతుకు అంతకన్న లావుగుళ్ళు వాడేవారు. సన్నగుళ్ళతో పెద్దపక్షిని కొట్టినచో అది పడక, గాయముతో ఎగిరిపోయి ఎచటనో జమ్ములో నశించును. మంచి వేటగానికిని కసాయికిని గల భేదము ఈ నంబరు ఎన్నికలోనే తెలియునని చెప్పవచ్చును.

నీటిపక్షులతో పాటు టర్కీ కోడి మాట కూడ ఇచట చెప్పవలసి ఉన్నది. ఆ పక్షి పుట్టిల్లు అమెరికా ఖండము. మన అడవులలో అది లేదు. 1612లో గోవానుండి ముకర్రబ్ ఖాన్ తెచ్చిన వింతజంతువులలో టర్కీ కోడి ఉన్నది. జహంగీరు చక్రవర్తి దాని రంగులు మారే మెడను చూచి విస్తుపోయి తన స్మృతులలో వర్ణించినాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దానిని చిత్రించినాడు. అమెరికా అడవులలో దాని వేట బాతువేటకు పూర్తిగా భిన్నము. వేటగాడు చెట్టు మొదట కదలక కూర్చుండి, పెట్టకూత కూసి పుంజును రప్పించుకొని, నేలమీద నిలిచిన పక్షి తలకు, మెడకు గురిపెట్టును. అందువలన ఆ వేటకు మిక్కిలి బిగువైన గొట్టము కావలెను. బాతుకు తుపాకి ఊగవలెను. టర్కీకి తుపాకి నిలువవలెను. తుపాకిని నిర్ణయించునది పక్షి నడవడియే అనుటకు ఇంతకన్న మంచి నిదర్శనము లేదు.

మన దక్కనులో టర్కీకి సాటిగా నేలమీద తిరిగే పెద్దపక్షి బట్టమేక. ఎండుగడ్డి మైదానములలో నిటారుగా నడిచే ఈ పక్షి కనుచూపుమేరలో మనిషిని పసిగట్టును. దానిని సమీపించుటకు వేటగాండ్రు ఎడ్లబండి చాటున పోయేవారు. ఏలనన బండిని చూచి అది బెదరదు. 1809 నుండి 1829 వరకు అహ్మదునగరు జిల్లాలో ఒకే ఒక ఆంగ్లేయుడు 961 బట్టమేకలను కొట్టినట్లు లెక్క ఉన్నది. నేడు భారతదేశమంతటా మిగిలినవి నూటయాభైకి లోపేనని అంచనా. కర్నూలు ప్రాంతమున రోళ్ళపాడులో 1988లో వీటికొరకు అభయారణ్యమేర్పడినను అచట కూడ అవి దాదాపు కనుమరుగైనవి. గడ్డిమైదానములు సాగులోనికి పోవుట, విద్యుత్తుతీగలు అడ్డుపడుట తరువాతి కారణములు. తొలిదెబ్బ మాత్రము తుపాకిదే.

హైదరాబాదు రాజ్యములో తుపాకి ఎవరిచేతిలో ఉన్నదను ప్రశ్నకు కూడ చరిత్ర ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1869 నుండి 1911 వరకు ప్రభుత్వము చేసినాడు, గురికాడుగా ప్రసిద్ధుడు. లాలా దీనదయాళు తీసిన ఛాయాచిత్రములలో ఆయన వేటశిబిరముల వైభవము నేటికిని కనిపించును. ఆనాటి ధనికుల తుపాకులలో డమాస్కసు గొట్టములకు మోజు హెచ్చు. ఇనుపపట్టీలను, ఉక్కుపట్టీలను మెలివేసి సాగగొట్టి చేసిన ఆ గొట్టములమీద అలలవంటి రేఖలు తేలేవి. డమాస్కసు అను పేరు వెనుక కత్తుల కీర్తి ఉన్నది. ఆ కత్తులకు ఉక్కు పంపిన ఊళ్ళలో మన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఒకటి. అచటి కొలుములలో మూసలయందు కరగిన ఉక్కుదిమ్మల కొరకు పారశీక వర్తకులు వచ్చేవారు. అయితే అందమైన ఆ మెలిక గొట్టములు నల్లమందుకు తగినవే గాని, తరువాత వచ్చిన పొగలేని మందు వత్తిడికి అన్నియు తట్టుకోలేకపోయినవి. తాతలనాటి తుపాకిలో కొత్త తూటా వేయరాదను హెచ్చరిక అందుచేత పుట్టినది.

బ్రిటిషు ఇండియాలో 1878 నాటి ఆయుధచట్టము భారతీయులు లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుటను నేరము చేసినది. ఐరోపావారికి మాత్రము మినహాయింపు లభించినది. ఒకే చెరువు, ఒకే బాతు. ఒకరికి వినోదము, మరియొకరికి నేరము. తుపాకి లేని పేదలు వలలు, ఉచ్చులు పన్నేవారు. కొల్లేటిలో తాటిదోనె మీద తిరిగే జాలరులు పరజలను వలలతో పట్టేవారు. దేశమున పలుచోట్ల మరియొక ఉపాయముండేది: చెరువులో ఖాళీకుండలను తేలవిడిచి, బాతులు వాటికి అలవాటుపడిన తరువాత మనిషి కుండను తలపై బోర్లించుకొని మెడలోతు నీటిలో మెల్లగా పోయి, బాతుకాళ్ళను క్రిందినుండి పట్టి లాగేవాడు. ప్రేలుడు లేదు, గాయపడి ఎగిరిపోయిన పక్షి లేదు. ఇంటికి కావలసినన్నింటితోనే ఆ వేట ముగిసేది.

తెలంగాణపు గడీలలో జంటగొట్టాల తుపాకి గోడకు వ్రేలాడే అలంకారము మాత్రమే కాదు, అధికారచిహ్నము. దొరలు, అధికారులు పర్యటనకు వచ్చినపుడు సామాను మోయుట, కట్టెలు కోళ్ళు సమకూర్చుట, శిబిరమునకు చాకిరీచేయుట, అంతయు వెట్టియే. 1946లో మొదలై 1951 వరకు సాగిన రైతాంగ సాయుధపోరాటములో పల్లెజనము ఒడిసెలలతోను, కర్రలతోను, బర్మారు తుపాకులతోను నిలిచినది. గడీలనుండి వశపరచుకొన్న వేటతుపాకులు కూడ దళముల చేతికి వచ్చినవి. బాతులకొరకు ఎన్నిక చేసిన తుపాకి ఇట్లు మనుష్యుల తగవులోనికి దిగినది. దానిని చేసిన పనివాడు ఈ సంగతిని ఊహించి ఉండడు.

ఈ కథలో మరియొక పార్శ్వమున్నది. మనదేశపు పక్షులను గూర్చి మనకు తెలిసిన తొలి శాస్త్రవిజ్ఞానములో పెద్దపాలు తుపాకిమూలముననే వచ్చినది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డను 1862-64 నడుమ భారతపక్షులపై గొప్పగ్రంథమును వెలువరించినాడు. కలివికోడి ఆయన పేరుతోనే శాస్త్రమున ప్రసిద్ధము. 1986లో అది కడపజిల్లాలో తిరిగి కనుగొనబడినది. 1885లో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న ఏ.ఓ. హ్యూము, మార్షలుతో కలిసి 1879-81 మధ్య వేటపక్షులను గూర్చి మూడు సంపుటములు ప్రకటించినాడు. హైదరాబాదు సంస్థానపు పక్షులను 1931-32లో సలీం అలీ సమగ్రముగా పరిశీలించినాడు. ఆ రోజులలో పక్షిని నిశ్చయముగా గుర్తించుటకు దాని చర్మమును చేతపట్టి చూడవలసినదే. అందుకై పరిశోధకులు వేటగాని లావుగుళ్ళను విడిచి, ఈకలు చెడకుండునట్లు ఇసుకరేణువులవంటి అతిసన్నని గుళ్ళను వాడేవారు. తుపాకి ఎన్నికలో అదియు ఒక శాస్త్రమే. సలీం అలీ తరువాతి కాలములో తన జీవితమును పక్షిరక్షణకే వినియోగించినాడు. పక్షి ఏ నెలలో ఏ చెరువునకు వచ్చునో తెలిసినవారు గనుకనే, అవి రాకుండుటను వారందరికన్న ముందు గమనింపగలిగినారు.

చట్టము మెల్లగా నడిచినది. 1912లో అడవిపక్షులకు, జంతువులకు వేటనిషిద్ధకాలము విధించు చట్టము వచ్చినది. వరంగల్లు ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుని కాలమున వెలసిన పాకాల చెరువు చుట్టునున్న అడవియు, మెదకు ప్రాంతమున ఒకనాడు నిజాముల వేటరంగమైన పోచారమును 1952లో అభయారణ్యములైనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము మొదట కొన్ని పక్షుల వేటను లైసెన్సుమీద అనుమతించినది. 1991 నాటి సవరణ ఆ లైసెన్సు పద్ధతిని తొలగించినది. నాటినుండి మనదేశములో బాతుపై వినోదముగా తుపాకి ఎత్తుట నేరము. ఇది ఇష్టాయిష్టములకు సంబంధించిన విషయము కాదు.

తుపాకి మ్రోత ఆగినను సీసము మిగిలినది. బాతు తన కందనకాయలో ఆహారమును నూరుకొనుటకు చెరువు అడుగునుండి చిన్నరాళ్ళను ఏరి మ్రింగును. వేటలో గురితప్పి నీటబడిన సీసపు గుళ్ళు దానికి రాళ్ళవలెనే తోచును. కందనకాయలో అరిగిన సీసము నెత్తురులో కలియును. పక్షి రెక్కలు వ్రాలి, చిక్కి, చనిపోవును. కొద్ది గుళ్ళు చాలును. ఈ సంగతి నిర్ధారణ అయిన పిమ్మట అమెరికా 1991లో నీటిపక్షుల వేటకు సీసపు గుళ్ళను దేశమంతట నిషేధించినది. 2023 నుండి ఐరోపా సమాఖ్య చిత్తడినేలలలో వాటిని నిషేధించినది. అచటి వేటగాండ్రు ఇపుడు ఉక్కుగుళ్ళు వాడుదురు. ఉక్కు సీసముకన్న తేలిక గనుక ఆరవ నంబరుకు బదులు నాలుగవ నంబరు ఎన్నుకొనవలెను. ఉక్కు మెత్తబడదు గనుక పాతకాలపు బిగువుగొట్టములు దానివలన చెడిపోవును. అనగా రెండువందల సంవత్సరముల తుపాకి లెక్కలన్నియు మరల మొదటినుండి వేయవలసివచ్చినది. ఈసారి లెక్కలో గాయపడని పక్షి కూడ చేరినది.

వేట మానిన దేశములో పక్షులు క్షేమముగా ఉన్నవా? ఈ ప్రశ్నకు జవాబు చెరువులయందున్నది. నెల్లూరు ప్రాంతపు నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టును; వాటి రెట్టలు కలిసిన నీరు పొలమునకు బలమని అచటి రైతులు తరతరములుగా వాటిని కాపాడినారు. 1976లో అది అభయారణ్యమైనది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరిచెరువులోని చెట్లమీద వేలపక్షులు ఊరివారి ఆదరణతో నిలిచినవి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరినది. అయినను చేపలచెరువుల గట్లు సరస్సును ఎంతగా ఆక్రమించినవనగా 2006లో ప్రభుత్వము వాటిని తెగగొట్టవలసివచ్చినది. ఆ గట్లపై బ్రతికిన కుటుంబముల కష్టము కూడ నిజమైనదే. తుపాకిని ఒక చట్టముతో ఆపవచ్చును. నీటిని, నేలను పంచుకొనుట అంత సులభము కాదు.

ఏ.ఎస్. రావు నగర్, కుషాయిగూడ, మౌలాలీ వాడల నివాసులకు కాప్రా చెరువు నడిచిపోయే దూరములోనే ఉన్నది. శీతకాలమున ఉదయముపూట గట్టుమీద నిలిచినవారికి నీరు కనిపించినంతమేర ఏవో పక్షులు కనిపించును. 1987 నుండి ప్రతి జనవరిలోను ఆసియా ఖండమంతట నీటిపక్షులను లెక్కించు కార్యక్రమము జరుగుచున్నది. ఇందు సామాన్యపౌరులును పాల్గొనవచ్చును. పూర్వపు వేటగాడు బాతును గుర్తించుటకు నేర్చిన గుర్తులే, అనగా రెక్కపై అద్దము రంగు, ఎగురునపుడు మెడసాగుట, గుంపు వరుస, కూత, ఇవియే నేడు లెక్కించేవానికిని కావలెను. ఆ విద్య నశింపరాదు. తుపాకికి బదులు దుర్భిణి ఎన్నుకొనువారు కూడ గొట్టపు వెడల్పు, బరువు, చేతికి అమరిక చూచుకొనవలసినదే. చెరువులోనికి మురుగు రాకుండ చూచుటకు మాత్రము ఏ పనిముట్టును ఎన్నుకొనవలసిన పనిలేదు. గట్టుమీద నివసించేవారందరు కలిసి అడుగవలెను.